చెవి విరగని ఇత్తడి గాడిద

ఊపిరితిత్తుల ఆసుపత్రిలో మెట్ల పక్కనున్న చిన్న గది ఆవిడది. వచ్చినవాళ్ళ ముక్కుకి క్లిప్పు బిగించి, నోట్లో గొట్టం పెట్టి, "ఊదండి, ఊదండి, ఆపొద్దు, లోపల ఇంకా ఉంది, ఊదండి" అని పొద్దస్తమానం గొంతు చించుకునే మనిషికి ఊదమ్మ అని కాక ఇంకేం పేరొస్తుంది? మొదట్లో ఆయాలు చాటుమాటుగా అనుకునేవాళ్ళు. తర్వాత డాక్టరుగారే "ఊదమ్మ దగ్గరికి వెళ్ళి రండి" అని పంపడం మొదలెట్టాడు. చివరికి ఆవిడే ఫోనెత్తి "ఆఁ, ఊదమ్మనే మాట్లాడుతున్నా" అనేదాకా వచ్చింది.

అలాంటి ఊదమ్మకి ఉన్న పిచ్చి తెలిస్తే ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. ఇంట్లో ముందు గదిలో నిలువెత్తు అద్దాల బీరువా ఉంది. దాన్నిండా పాతకాలపు యాష్‌ట్రేలు. నోరు తెరుచుకుని బూడిద కోసం ఎదురుచూసే పింగాణీ కప్ప, స్నానాల తొట్టిలో కాళ్ళు బారజాపుకున్న బొజ్జ పెద్దమనిషి, చాచిన అరచెయ్యి, ఇత్తడి బూటు. వెనక వరసలో మందు బల్లమీద పెట్టుకునే సరంజామా: పెంగ్విన్ ఆకారంలో షేకరు, మీట నొక్కితే టోపీ ఎత్తి పలకరించే చెక్కబొమ్మల సీసా మూతలు, రైలింజను సీసా, దాని వెనకే పెట్టెల్లా అతుక్కుని బుల్లి గ్లాసులు. ఆదివారం వస్తే చాలు, మెత్తటి గుడ్డ పట్టుకుని ఒక్కొక్కదాన్నీ బిడ్డకి ఒళ్ళు తుడిచినట్టు తుడిచేది.

"మనింట్లో కాల్చేవాడు లేడు, తాగేవాడు లేడు. కొత్తవాళ్ళొస్తే మాత్రం నన్ను ఎగాదిగా చూస్తున్నారు," అనేవాడు లిఫ్టు మెకానిక్కుగా చేసే ఆవిడ మొగుడు. "మీ మొహానికి అంత సీను లేదులెండి," అనేది ఊదమ్మ, చెయ్యి ఆపకుండానే.

ఈ పిచ్చి మొదలైంది కూడా ఆసుపత్రిలోనే. ఒక టాక్సీ డ్రైవరు ఆ కప్పని తెచ్చి, "మానేశానమ్మా. ఇది ఎదురుగా ఉంటే చెయ్యి లాగేస్తోంది, మీ దగ్గర పడేసుకోండి," అన్నాడు. బల్లమీద కప్పని చూసి ఇంకొకాయన బూటు తెచ్చాడు. అలా అలా అదొక ఆనవాయితీ అయి కూర్చుంది. పొగ మానేసినవాళ్ళు తమ యాష్‌ట్రే తెచ్చి ఊదమ్మ బల్లమీద పెట్టాలి. దాంతోపాటు మందు కూడా వదిలేసినవాళ్ళు సీసాలూ మూతలూ మూటగట్టుకొచ్చేవాళ్ళు. ఊదమ్మ రూలు ఒక్కటే. "మానేస్తేనే పుచ్చుకుంటాను. మళ్ళీ మొదలెట్టారో, మీ సరుకు మీరు పట్టుకుపోండి." ఇత్తడి బూటాయన ఒకసారి అలా తలొంచుకుని పట్టుకుపోయి, మళ్ళీ మానేసి తెచ్చిచ్చాడు కూడా. ఆ బల్లకి జడిసి మానేసినవాళ్ళు ఉన్నారన్నది అబద్ధం కాదు.

అంతవరకూ బాగానే ఉంది. తాళాల మేస్త్రి వచ్చాకే ఊదమ్మ బుద్ధి గడ్డి తింది.

మేస్త్రి తాళాలు చేసీ చేసీ పని మానుకున్న ముసలాయన. మనిషి సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉంటాడు గానీ మాట మాత్రం చమత్కారం. మొదటిరోజు రెండుసార్లు ఊది, రొప్పుతూ కూలబడ్డాడు. "ఎక్కడ కాలుస్తుంటారు?" అని అడిగింది ఊదమ్మ, అలవాటు ప్రకారం.

"కిటికీ దగ్గర కూర్చుని. నాకో గాడిద ఉందమ్మా."

"గాడిదేంటి?"

"ఇత్తడిది. రెండు పక్కలా గంపలుంటాయి, బూడిద రాల్చుకోడానికి. చెవి కిందికి లాగామనుకోండి, తోక లేచి వెనక నుంచి ఒక సిగరెట్టు బయటికొస్తుంది. ఆడవాళ్ళ ముందు చెప్పకూడదు గానీ, అదొక్కటే దాని పని."

ఊదమ్మ చేతిలో క్లిప్పు చేతిలోనే ఉండిపోయింది. ఆ గాడిదలు ఆవిడకి తెలియనివి కావు. పాత సామాన్ల అంగళ్ళలో ఎన్నో చూసింది. ఏ ఒక్కదానికీ చెవి సరిగ్గా ఉండదు. ఏళ్ళ తరబడి లాగీ లాగీ విరిగిపోతుంది, లోపలి స్ప్రింగు చచ్చిపోతుంది. "మీదాని చెవి బాగుందా?" అని అడిగింది.

"తాళాల మేస్త్రిని పట్టుకుని స్ప్రింగు బాగుందా అంటారేంటమ్మా," అన్నాడాయన.

ఆ రోజు మొదలు. మేస్త్రి గుమ్మంలో కనబడితే చాలు, "గాడిద ఎలా ఉంది?" అనేది ఊదమ్మ. ఆయన నవ్వి, "మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది," అనేవాడు. ఇంటికెళ్ళి బీరువా పై అరలో కప్పనీ అరచేతినీ కాస్త పక్కకి జరిపి, మధ్యలో జాగా చేసి పెట్టుకుంది. మొగుడు చూసి, "ఎవరికి ఈ సింహాసనం?" అంటే నవ్వి ఊరుకుంది.

ఒకరోజు మేస్త్రి పాత తువ్వాల్లో చుట్టిన బరువేదో తెచ్చి బల్లమీద పెట్టి, "మానేశానమ్మా," అన్నాడు.

ఊదమ్మ తువ్వాలు విప్పి చెవి లాగింది. టక్కున తోక లేచి ఒక సిగరెట్టు బల్లమీద పడింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. ఆవిడ ఆ సిగరెట్టుని రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పారేసింది. ఇంకెవరినైనా అయితే ఎప్పుడు మానేశారు, ఎలా మానేశారు, రాత్రుళ్ళు చెయ్యి లాగడం లేదా అని కూపీ లాగేది. మేస్త్రిని ఒక్క మాట అడగలేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా, దాన్ని ఎప్పుడు ఇంటికి చేరుద్దామా అన్నదే ధ్యాస.

మళ్ళీ పరీక్షకి వచ్చిన రోజునే ఆవిడకి తెలిసిపోయింది. అన్నేళ్ళుగా ఆ గదిలో కూర్చున్న ముక్కు అది. మేస్త్రి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాడు గానీ, సబ్బు వాసన కిందనుంచి రెండో వాసన తన్నుకొస్తోంది. మిషను గీసే ఊపిరి గీత కూడా కిందకి జారింది. కాగితం మీద 'పొగ' అన్నచోట ఆవిడ కలం ఆగింది. అడగాలి. అడిగితే ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, కాలుస్తున్నానంటాడు. అంటే గాడిదని తువ్వాల్లో చుట్టి వెనక్కివ్వాలి. రూలు ఆవిడ పెట్టిందే మరి. "బాగున్నారా మేస్త్రిగారూ," అని పలకరించి, 'మానేశారు' అని రాసేసింది.

ఊదమ్మ చెడ్డ మనిషేం కాదు. చెడ్డ మనిషైతే హాయిగా నిద్రపోయేది, ఈ కథకి పనే ఉండేది కాదు. ఆదివారాలు గాడిదని మాత్రం గబగబా తుడిచి అరలో పెట్టేసేది. ఈసారి అడుగుతానులే అనుకునేది. ఈసారి వచ్చేది, మేస్త్రి ఊదేవాడు, గీత ఇంకాస్త జారేది, ఆవిడ మళ్ళీ అదే మాట రాసేది. డాక్టరుగారు ఆ రాత చూసి, "పొగ మానేసినా తగ్గట్లేదంటే జబ్బు ముదిరినట్టే," అని మందులు పెంచేవాడు.

ఒకసారి మేస్త్రితో ఆయన కూతురు వచ్చింది. ఆ పిల్ల లాండ్రీలో పని చేస్తుంది. తల్లి పోయాక తండ్రి బాగోగులన్నీ ఆమెవే. తండ్రిని బయట కూర్చోబెట్టి లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "నాన్న చొక్కాల్లో వాసన వస్తోందండీ. మళ్ళీ కాలుస్తున్నాడేమోనని అనుమానంగా ఉంది. మీకు తెలిసిపోతుంది కదా."

ఊదమ్మ మిషను తుడుస్తున్నట్టు అటు తిరిగింది. "అది పాత వాసనమ్మా. ఏళ్ళ తరబడి కాల్చినవాళ్ళ బట్టలకి పట్టేసి ఉంటుంది. అంత తొందరగా పోదు," అంది. "హమ్మయ్య, మీరు చెప్పారు కాబట్టి సరిపోయింది," అని ఆ పిల్ల రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయింది. ఆ పూట ఊదమ్మకి టీ కూడా సయించలేదు.

ఆ తర్వాత ఎంతోకాలం పట్టలేదు. మేస్త్రికి మెట్లు కాదు కదా, గది ఈ మూలనుంచి ఆ మూలకి నడవడం కూడా గగనమైంది. డాక్టరుగారు ఇంటికి ఆక్సిజన్ మిషను రాశాడు. దాన్ని వాడే పద్ధతి ఇంట్లోవాళ్ళకి నేర్పించడం ఊదమ్మ పని. కూతుర్ని ఎదురుగా, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ముక్కులో గొట్టం ఎలా పెట్టాలో, నీళ్ళ సీసా ఎప్పుడు మార్చాలో చెప్పింది. తర్వాత అసలు మాట చెప్పక తప్పలేదు.

"ఇది నడుస్తున్నప్పుడు దగ్గర్లో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. చిన్న నిప్పురవ్వ పడినా గొట్టం, మొహం, పక్కబట్టలు ఒక్కసారే అంటుకుంటాయి."

"ఆ భయం లేదులెండి. నాన్న మానేశాడుగా," అంది కూతురు.

మేస్త్రి ఊదమ్మ వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూసింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి టీ పెడదామని పొయ్యి వెలిగించింది. భగ్గుమని నీలంగా మంట లేచింది. అంతే, మేస్త్రి కిటికీ, కుర్చీ, ముక్కులో గొట్టం, వేళ్ళ మధ్య సిగరెట్టు, అన్నీ కళ్ళకి కట్టాయి. పొయ్యి ఆపేసి చెప్పులేసుకుంది. బీరువా తెరిచి గాడిదని తీసి సంచిలో పెట్టుకుంది. గుమ్మందాకా వెళ్ళి, వెనక్కొచ్చి, దాన్ని సంచిలోంచి తీసి మళ్ళీ అరలో పెట్టేసింది. అప్పుడు కూడా దాన్ని వదలడానికి చేతులు రాలేదు. సిగ్గుతో మొహం మండిపోతుండగా వట్టి చేతులతో బయల్దేరింది.

మేస్త్రి ఇంటి తలుపుకి రకరకాల తాళాలున్నాయి గానీ ఒక్కటీ వేసి లేదు. లోపల మిషను బుసలు కొడుతోంది. మేస్త్రి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ముక్కులో ఉండాల్సిన గొట్టం మెడలో వేలాడుతోంది. పక్కనే సాసర్లో పీకలు, చేతిలో సిగరెట్టు వెలుగుతోంది.

ఊదమ్మ ముందు మిషను స్విచ్చి ఆపింది. తర్వాత ఆయన చేతిలోంచి సిగరెట్టు లాక్కుని సాసర్లో నలిపేసింది. ఆయన దాచలేదు, తత్తరపడలేదు. "రండమ్మా, కూర్చోండి," అన్నాడు.

"మళ్ళీ ఎప్పుడు మొదలెట్టారు మేస్త్రిగారూ?"

"ఆపితే కదమ్మా మళ్ళీ మొదలెట్టడానికి."

"మరి మానేశానన్నారు?"

"మానేస్తేనే పుచ్చుకుంటారని బయట వరసలో కూర్చున్నవాళ్ళు చెప్పారు. ఊరికే ఇస్తే తీసుకోరు కదా. మీకేమో దానిమీద మనసు పడింది." మేస్త్రి ఊపిరి కూడదీసుకున్నాడు. "గాడిద ఎలా ఉందని అడిగినంత ఇదిగా నా ఊపిరి ఎలా ఉందని ఎప్పుడైనా అడిగారా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఎత్తిపొడుపు కూడా లేదు అందులో.

"తర్వాత చెప్పేద్దామనే అనుకున్నా," అన్నాడు మేస్త్రి. "మీరు అడుగుతారు, చెప్తాను, నాలుగు తిడతారు, అయిపోతుంది అనుకున్నా. మీరు అడగలేదు. ఆవిడకి తెలిసే ఊరుకుంటోంది, అంటే నా ఒంటికి పర్లేదేమో, ఇప్పుడు మానినా మానకపోయినా ఒకటేనేమో అనుకున్నా."

"పర్లేదని కాదు." ఊదమ్మ సాసర్ని ఆయనకి దూరంగా జరిపింది. "అడిగితే గాడిదని వెనక్కివ్వాల్సొస్తుందని అడగలేదు."

మేస్త్రి ఆవిడ మొహంలోకి చూశాడు. "దానికోసమా," అన్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

ఊదమ్మ అక్కడే నిలబడి డాక్టరుగారికి ఫోన్ చేసింది. మేస్త్రి కాలుస్తున్నాడని, అసలు మానలేదని చెప్పింది. డాక్టరుగారు "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

ఇప్పుడే సార్, అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఎవరూ కాదనరు. మేస్త్రి కూడా నోరు మెదపడు, ఆ సంగతి ఆవిడకి తెలుసు.

"మొదట్నుంచీ తెలుసు సార్. తెలిసే మానేశారని రాశాను."

"రేపు పొద్దున్నే నేనొచ్చి చూస్తాను. ఈలోపు ఆ ఇంట్లో అగ్గిపెట్టె అన్నది లేకుండా చూడు. నీ సంగతి తర్వాత మాట్లాడదాం," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఊదమ్మ ఇటు తిరిగేసరికి గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. పనినుంచి వచ్చినట్టుంది, భుజాన సంచి అలాగే ఉంది. ఎప్పుడొచ్చిందో, విన్నదంతా మొహంలోనే కనబడుతోంది. సాసర్ని చూసింది, తండ్రిని చూసింది, చివరికి ఊదమ్మని చూసింది.

"చొక్కా వాసన గురించి నేనొచ్చి అడిగిన రోజుకి కూడా తెలుసా మీకు?"

"తెలుసమ్మా."

"నేను లాండ్రీలో పని చేస్తానండీ," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. "బట్టలకి పట్టిన పాత వాసన ఉతికితే పోతుంది. పోకుండా రోజూ వస్తోందంటే రోజూ కాలుస్తున్నట్టే. అది నాకు తెలుసు. తెలిసీ, మీరు చెప్పారని నా ముక్కుని నేనే తప్పనుకున్నాను. ఇంటికొచ్చి, నిన్ను అనుమానించాను నాన్నా అని ఆయన దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ రోజునుంచి ఆయన చొక్కాలు వాసన చూడటం మానేశాను."

మేస్త్రి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఊదమ్మ సాసరు పక్కనున్న అగ్గిపెట్టె తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఆవిడని కూర్చోమనలేదు, వెళ్ళమని కూడా అనలేదు.