నేను గరుడుణ్ణి చేసిన పక్షి

పోయిన నెల తుఫాను వెళ్లిన మర్నాడు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్ పాత కాపురస్తులం ఫోన్లలో పెట్టుకున్న గ్రూపులో ఎవరో ఒక ఫొటో పంపారు. దీఘా సముద్రతీరంలో ఇసుక మీద రెక్కలు పరుచుకుని పడి ఉన్న పెద్ద నల్లటి పక్షి, తల మాత్రం తెలుపు. ఇదేం పక్షి అని కింద ప్రశ్న. నా చేతిలో టీ చల్లారేలోపు జవాబు వచ్చేసింది. పేరు, తిండి, ఎవరికి అప్పగించాలో, అన్నీ. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు. ఆ పక్షిని నేనెరుగుదును. పత్రికా వృత్తిలో ఉన్నన్నాళ్లూ ఎన్నో రాశాను కానీ దాని సంగతి మాత్రం ఉన్నదున్నట్టుగా ఎక్కడా రాయలేదు.

ఎనభైల చివర, ఒక కార్తీక మాసపు ఆదివారం. మా వీధి వాళ్లమంతా బస్సు మాట్లాడుకుని వనభోజనాలకు దీఘా వెళ్లాం. తుఫాను దాటి రెండు రోజులే అయింది, అయినా వండుకోవలసిన సరుకులన్నీ గోల్‌బజార్ నుంచి వచ్చేశాయి కనుక ప్రయాణం మానుకోవడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. సరుగుడు చెట్ల కింద ఆడవాళ్లు పొయ్యిలు పెట్టుకుంటుంటే మా బాబాయి ఒక్కడూ ఒడ్డు వెంట నడుచుకుంటూ వెళ్లి, అరగంట తర్వాత తువ్వాలులో చుట్టిన ఒక బరువును ఎత్తుకుని వచ్చాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఆయన. ఎంత మొండి బోల్టయినా ఆయన చేతికి మెత్తబడేదని చెప్పుకునేవారు. ఆ చేతుల్లో ఆ పక్షి ముక్కుతో పొడవకుండా, రెక్క కొట్టుకోకుండా ఒదిగి ఉంది. కొక్కెంలా వంగిన పొడుగాటి ముక్కు, కత్తెరలా చీలిన తోక, అంత ఒంటికి నప్పని బుల్లి కాళ్లు, ఒక రెక్క మీద గీరుకుపోయిన గాయం. ఎత్తబోయినప్పుడు అది సగం అరిగిన చేపను కక్కిందని బాబాయి చెప్పాడు. ఆ మాట అందరం విన్నాం.

తిరుగు ప్రయాణంలో బస్సులో దానికి పేరు వచ్చింది. మా పెదనాన్న రైల్వే ఆఫీసులో హెడ్‌క్లర్కు, వీధి భజన మందిరానికి ప్రెసిడెంటు. శ్లోకాలు నోటికొచ్చినవాడు కావడంతో వీధిలో ఆయన మాటకు ఎదురుండేది కాదు. తెల్లటి తల, వంగిన ముక్కు చూసి ఆయన చేతులు జోడించాడు.

"గరుడ పక్షిరా ఇది. కార్తీకంలో మనల్ని ఎతుక్కుంటూ వచ్చినాడు సామి."

"గరుడుడు సేపలు కక్కుతాడేటి, అన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"నీకు బోల్టులు తెలుస్తాయి గానీ పురాణాలు తెలుస్తాయేటి? నోరు మూసుకుని కూకో."

బస్సంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు.

నేను అప్పటికి విశాఖపట్నం నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు వార్తలు పంపుతూ, ఉద్యోగం ఖాయం చేస్తారని ఎదురుచూస్తున్న ఇరవై నాలుగేళ్లవాణ్ణి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల వార్త అంటే మహా అయితే సంఘం ఎన్నికలు, రామకోటి సమాప్తం. నేను కవరులో పెట్టి రైలుకిచ్చే పది వార్తల్లో రెండు అచ్చయితే గొప్ప. సముద్రపు పక్షి ఏదో దొరికిందని రాస్తే అది చెత్తబుట్టకు పోతుందని నాకు తెలుసు. అందుకని సోమవారం పొద్దున్నే కూర్చుని, దీఘా తీరాన గరుడ పక్షి ప్రత్యక్షమైందనీ, ఖరగ్‌పూర్ తెలుగు భక్తులు దానికి సేవలు చేస్తున్నారనీ రాసి సాయంత్రం బండికి కవరు ఇచ్చాను. గరుడ పక్షి అని పెద్దలు చెబుతున్నారు అని రాసి ఉంటే సరిపోయేది. పెద్దలు చెబుతున్నారన్న ఆ ముక్క బరువనిపించి తీసేశాను.

వార్త అచ్చయి వచ్చేదాకా పక్షి బాబాయి క్వార్టర్ వరండాలో ఉంది. రెక్కకు మెత్తటి గుడ్డ కట్టి, గోల్‌బజార్ నుంచి చిన్న చేపలు తెచ్చి ఒక్కొక్కటే గొంతులో జారవిడిచేవాడు. కార్తీకంలో గుమ్మంలోకి చేప తెచ్చాడని పిన్ని రోజూ దెప్పేది. "మడుసులకి లేదు గానీ పిట్టకి సేపల పులుసు వండమంటాడేమో ఈయన!" అని వీధందరికీ వినబడేలా అనేది కానీ, ఆ చేపల్ని కడిగి ఇచ్చేది కూడా ఆవిడే. బుధవారం నాటికి పక్షి తల ఎత్తి చూడసాగింది. రెక్క విప్పితే వరండా చాలేది కాదు.

గురువారం పత్రిక వచ్చింది. మూడు కాలమ్‌ల శీర్షికతో, నా ఊరి పేరుతో. సాయంత్రానికి పెదనాన్న నలుగురిని వెంటబెట్టుకొచ్చి, స్వామి వాహనం వరండాలో నీచు కంపు మధ్య ఉండరాదని పక్షిని భజన మందిరానికి తీసుకుపోయాడు. పేపరు కటింగుకు అద్దం కట్టించి గోడకు తగిలించారు. పక్షికి పసుపు గుడ్డ కప్పారు, పాలు పెట్టారు, అరటిపండు పెట్టారు, చక్రపొంగలి పెట్టారు. అది వేటినీ ముట్టలేదు. ఉపవాసం ఉంది సామి, అని ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇతర కాలనీల నుంచి జనం రాసాగారు. ఆ వార్త రాసినవాడు వీడే అని నన్ను చూపించేవారు. దాచడమెందుకు, నాకది బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం బాబాయి డ్యూటీ బట్టలతోనే మా ఇంటికి వచ్చాడు.

"నువ్వు పేపరోడివి కదరా, సదువుకున్నోళ్లు తెలుసు కదా నీకు. అదేటో ఎవర్నైనా అడగరాదేటి? ఆకలితో సచ్చిపోతాది, నాయినా."

ఊళ్లోనే, ఝపటాపూర్‌లో జంతుశాస్త్రం చెప్పే బెంగాలీ మాస్టారు ఒకాయన ఉండేవాడు. సైకిలేసుకుని వెళ్లి చెప్పాను. తల తెలుపు, తోక చీలిక, కాళ్లు చిన్నవి అనేసరికే ఆయన లేచి బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి బొమ్మ చూపించాడు. అదే పక్షి. "గరుడ్-టరుడ్ కుఛ్ నహీ, దాదా. ఇది ఫ్రిగేట్ పక్షి. దీని ఇల్లు సముద్రం," అంటూ తన హిందీలో ఓపిగ్గా వివరించాడు. తుఫాను తోసుకొచ్చిన పిల్ల పక్షి అట. అంత రెక్కలున్నా నేల మీద నుంచి లేవలేదట, ఎత్తయిన చోట గాలికి ఎదురుగా పెడితేనే ఎగురుతుందట. గాయం పెద్దది కాకపోవచ్చు, చేపలు పెట్టి రెండు వారాలు నిలబెట్టి మళ్లీ దీఘా తీసుకెళ్లండి, అన్నాడు. నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, చేప తప్ప మరేదీ తినదు, గుర్తుంచుకోండి అని మళ్లీ చెప్పాడు.

తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. తర్వాత పెదనాన్నకు చెప్పాను. ఆయన కోప్పడలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "పేపర్లో రాసినోడివి నువ్వే. ఇప్పుడు కాదంటే రేపు నువ్వు రాసింది ఎవడు నమ్ముతాడు? ఆలోసించుకో." ఆలోచించుకున్నాను. ఇంటికి వచ్చి నాలుగు వాక్యాల సవరణ రాశాను. సవరణ పంపిన వాడికి ఉద్యోగం ఇస్తారా అని కూడా ఆలోచించాను. ఆ కాగితం కవరులో పెట్టలేదు.

ఆదివారం తెల్లవారుతూనే దీపాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు మందిరంలో బాబాయిని పట్టుకున్నారు. చేతిలో అరిటాకు పొట్లం, నేల మీద చేప పొలుసులు. క్షణంలో వీధంతా పోగయింది. కార్తీకంలో, రాముడి పటం ముందు, చేపలు! తాగుబోతు అన్నారు, ఎప్పుడూ తాగని మనిషిని. బాబాయి గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"ఆణ్ణి అడగండి. మాస్టారు ఏటన్నాడో సెప్పమనండి. సెప్పరా!"

అందరూ నా వైపు తిరిగారు. గోడ మీద అద్దంలో నా శీర్షిక ఉంది.

"మాస్టారు ఖాయంగా ఏమీ చెప్పలేదు," అన్నాను.

బాబాయి వంగి, నేల మీది పొలుసులను అరచేత్తో కూడదీసి, పొట్లంలో వేసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మందిరానికి తాళం, తాళంచెవి పెదనాన్న మొలతాడుకు.

మంగళవారం పొద్దున్న పక్షి చనిపోయి ఉంది. చేత్తో ఎత్తినవాళ్లు దూది బరువు కూడా లేదన్నారు. ఉపవాసంతో ప్రాణం విడిచిందని, పూలు కప్పి, భజన చేస్తూ తీసుకెళ్లి పూడ్చారు. నేను రెండో వార్త పంపాను, అదీ అచ్చయింది. మరో మూడు నెలలకు నా ఉద్యోగం ఖాయమైంది.

బాబాయికి తెలుగు చదవడం అంతంతమాత్రం. డ్యూటీ దిగాక నన్ను కూర్చోబెట్టుకుని పత్రిక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివించుకోవడం ఆయన అలవాటు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రిటైరయ్యాక కూడా, ఒక్క వార్త చదవమని నన్ను అడగలేదు. పెళ్లిళ్లలో ఎదురైతే బాగున్నావా అనేవాడు, అంతే. తొంభైల్లో ఆయన పోయినప్పుడు నేను వార్తల పని మీద కటక్‌లో ఉన్నాను. ఉన్నా ఏం మొహంతో వెళ్లేవాణ్ణో తెలియదు.

ఇప్పుడు ఆ రైల్వే క్వార్టర్ల వరుసల్లో సగం కూలగొట్టేశారు. తెలుగు పత్రిక కోసం స్టేషనుకు పోయి నిలబడే మనిషి లేడు. నాతో పాటు పనిచేసి రిటైరైన వాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే బాధ పడతారు. అచ్చులో కనబడితే చాలు, అది నిజమని నమ్మే రోజులు పోయాయని, ఈ కాలంలో ఎవరూ దేన్నీ నమ్మడం లేదని. వాళ్లు ఆ మాట అన్నప్పుడు నేను కిటికీలోంచి బయటకు చూస్తాను. పక్షి చేప కక్కడం గురించి బస్సు నిండా జనం విన్నారు. నేను రాసింది చదివి, విన్నది మరిచిపోయారు. అంతగా నమ్మారు మమ్మల్ని.