గంగులప్ప కిరీటం

బంగారుపాళ్యం చుట్టుపక్కల మహాభారతం తిరునాళ్లంటే అర్జునుడు గంగులప్పే. శివుడి కోసం తపస్సు చేసే ఘట్టంలో, మెట్లు కొట్టి నాటిన పొడవాటి తపస్సు మాను మీదికి పద్యాలు పాడుతూ ఎక్కి, కొన నుంచి నిమ్మకాయలు విసురుతాడు. బిడ్డల కోసం తడిచీరలతో కాచుకున్న ఆడవాళ్లు వాటిని కొంగుల్లో పట్టుకుంటారు. సగంలో దిగిపోతే ఊరికి అరిష్టం.

ఆయన మీసానికి దండం పెట్టినవాళ్లున్నారు. ఇప్పుడా దండాలన్నీ కోడలు హేమశ్రీ వైపు తిరిగాయి. వంటింట్లో ఆ పిల్ల గొంతు విని, పద్యం నేర్పి, ద్రౌపది వేషం కట్టించి మురిసిపోయింది ఈయనే. ఆమె పద్యం ఫోన్లలోకెక్కి తిరుపతి దాకా పాకాక, మురిపెం కాస్తా కడుపుమంట అయింది. దారిలో ఎవరో "హేమశ్రీ మామ గదా నువ్వు?" అన్నారని ఆ పూట అన్నం మానేశాడు.

"మోకాలు వాచి ఉండాదే. ఈసారికి హేమశ్రీని ఎక్కించప్పా" అన్నాడు గుడి పెద్ద గోవిందస్వామి.

"నేను బతికుండంగా మాను ఇంకొకరిదా? నా మోకాలు గుండ్రాయి మాదిరి ఉండాది!" అంటూ గంగులప్ప ఎగిరి చూపించబోయి, ఎందుకైనా మంచిదని ఆగాడు.

తీరా సగం మాను ఎక్కాక ఆ మోకాలే మొండికేసింది. పైకి పోలేడు, కిందికి రాకూడదు. పాడిన పద్యమే మళ్లీ మళ్లీ పాడాడు. కింద గుసగుసలు మొదలయ్యాయి. కొంగులు పట్టుకుని చూస్తున్న ఆడవాళ్ల మొహాలు చూసేసరికి ఆయనకు నిజంగా భయమేసింది.

అప్పుడు హేమశ్రీ ద్రౌపది వేషంలోనే కొంగు బిగించి, "స్వామీ, నీ తపస్సు సూడను నేనూ వస్తాండాను" అని రాగం తీస్తూ మాను ఎక్కేసింది. ఏ భారతంలోనూ లేని ఘట్టం అది. జనం ఈలలేశారు.

"మామా, కాలు నా బుజం మీద పెట్టు" అంది మెల్లగా.

"నీ బుజమ్మీదనా? నాలుగూళ్ల జనం సూస్తాండారే!"

"నువ్వు దిగిపోయేది సూసేకంటే మేలే గదా. పెట్టు."

పెట్టాడు. కొనకు చేరాడు. నిమ్మకాయలు విసిరాడు. జనం మాత్రం "హేమశ్రీ! హేమశ్రీ!" అని అరిచారు. అందరికంటే గట్టిగా అరిచినవాడి బట్టతలకు గంగులప్ప గురిచూసి ఒక కాయ వేశాడు కూడా.

దిగాక, ఆ ఘట్టం తానే ముందుగా కట్టానని అందరికీ చెప్పుకున్నాడు. హేమశ్రీ ఔనంది. ఆ ఔనే ఆయనకు గుచ్చుకుంది. ఇంటికెళ్లాక, ఎవరినీ ముట్టుకోనివ్వని తన అర్జునుడి కిరీటం తీసి ఆమె నెత్తిన పెట్టాడు. కొలిచి చేయించినట్టు కూర్చుంది. గంగులప్ప కళ్లు నిండాయి.

"రవ్వంత వదులుగా ఉండాదిలే" అన్నాడు. "వచ్చే యేడు గుడ్డ చుట్టుకొని ఎక్కు."