గోడ అవతలికి వేసిన నత్తలు

పెళ్లయి అత్తగారింటికి వచ్చేటప్పుడు మా అమ్మ నా సామానులో ఒక చిన్న గుడ్డమూట పెట్టింది. అందులో చిక్కుడు గింజలు. "పట్నంల జాగ ఉంటదో లేదో. ఉంటే పెట్టుకో బిడ్డా" అంది. డెబ్బైల మొదటి సంవత్సరాలవి. నాకు పంతొమ్మిదేళ్లు.

జాగ ఉంది. మాదన్నపేటలో ఒక సన్నటి గల్లీలో మా ఇల్లు. గదులు ఒకదాని వెనక ఒకటి మూడు, వాటి వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. ఒక మూల గిన్నెలు తోముకునే బండ, ఆ నీళ్లు పారే చోట కొంచెం పుంటికూర, మిగిలినదంతా ఖాళీ మట్టి. వెనక గోడ పాతకాలపు రాళ్లది. నాకంటే జానెడు ఎత్తు. సున్నం రాలిపోయి, సందుల్లో నాచు పట్టి, ఎండాకాలంలో చెయ్యి ఆనించినా చల్లగా ఉండేది.

మా ఆయన బస్సుల కార్ఖానాలో ఫిట్టరు. పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని సైకిలెక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. పగలంతా ఇంట్లో నేనూ మా అత్తమ్మా. అత్తమ్మ మంచిదే. కాని మాటలు తక్కువ. పదిమంది ఉన్న ఇంట్లోంచి వచ్చినదాన్ని, మధ్యాహ్నాలు ఎంతకీ గడిచేవి కావు. వంట ఆమె పద్ధతిలో, బట్టలు ఆమె పద్ధతిలో. ఆ గింజలు పెట్టుకోవడం ఒక్కటే నాదనిపించే పని.

మొదటి వాన పడ్డాక వెనక గోడవారగా పన్నెండు గింజలు పెట్టాను. ఐదో రోజుకి నేల నెర్రెలిచ్చి మొలకలు మెడ వంచుకుని బయటికి వచ్చాయి. ఆ పూట కంచం తెచ్చుకుని వాటి పక్కనే కూచుని అన్నం తిన్నాను. మర్నాడు చూస్తే ఏడు మొలకలకు తలలు లేవు. కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. నేలమీదా గోడమీదా తడిగా మెరుస్తున్న చారలు.

అత్తమ్మ వచ్చి చూసి, కాలితో ఒక రాయిని పక్కకు దొర్లించింది. దాని కింద వేలెడంత పొడుగున్న నల్లటి మెత్తటి పురుగులు మూడు, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"నత్తలు. గుల్ల లేనివి. వానలు పడంగనే గోడలకెల్లి దిగుతయి" అంది.

ఉప్పు వేస్తే అవి కరిగిపోతాయని ఎక్కడో విన్నాను. వంటింట్లోకి వెళ్లి పిడికెడు దొడ్డుప్పు తెచ్చాను. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. అప్పటికి నాకు మూడో నెల.

"కడుపుతోని ఉన్నోళ్లు జీవాన్ని సంపొద్దు. నీ మొగడు గూడ సంపొద్దు. కాన్పయ్యేదాక ఈ ఇంట్ల ఎవ్వరం సంపొద్దు."

"మరి ఏం జెయ్యాలె అత్తమ్మా?"

"ఏరి అవతల పారెయ్యి."

అవతల అంటే గల్లీ బయట మురికినీళ్లు పారే మోరీ అని ఆమె ఉద్దేశం. కొత్త కోడలిని. పొద్దున్నే నలుగురూ నీళ్లు పట్టుకునే చోటికి పురుగుల డబ్బా పట్టుకుని వెళ్లాలంటే నాకు సిగ్గు. దగ్గర్లో ఉన్న అవతల ఆ వెనక గోడే.

ఆ రోజు నుంచి తెల్లవారీ వారకముందే లేచి, రెండు చీపురు పుల్లలతో నత్తల్ని ఏరి, పాలపొడి డబ్బాలో వేసి, బోర్లించిన బకెట్టు మీద ఎక్కి గోడ అవతలికి కుమ్మరించేదాన్ని. తొంగి చూసేదాన్ని కాదు. అటుపక్క ఎవరో ఉన్నారని తెలుసు. దగ్గు వినిపించేది. బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించేది. ఆ ఇంటి వాకిలి ఇంకో గల్లీలోకి ఉండడంతో మనుషులెప్పుడూ ఎదురుపడలేదు. చూడకపోతే అక్కడ ఎవరూ లేనట్టే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పోయిన మొలకల చోట మళ్లీ గింజలు పెట్టాను. అవి నిలబడ్డాయి. నాలుగేసి ఆకులు వేశాయి. మా ఆయనకు రోజూ సాయంత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించేదాన్ని.

నెల తిరిగాక ఒక పొద్దున ఎవరో తలుపు కొట్టారు. సన్నటి ముసలామె. తెల్లటి ఓణీ తలమీద కప్పుకుని, చేతిలో చాట పట్టుకుని ఉంది. అత్తమ్మ ఆమెను గుర్తుపట్టి "రా ఖాలా" అని అరుగుమీద కూచోబెట్టింది. నేను తలుపు చాటున నిలబడ్డాను.

"మీ దిక్కు గూడ నత్తలు గిట్లనే ఉన్నయా అని అడగనీకి వచ్చిన అమ్మా" అందామె. "ముప్పై సాల్ అయింది నేను ఆ ఇంటికి వచ్చి. బారిష్‌ల వస్తయ్, పోతయ్. గిట్ల ఎప్పుడు రాలె. చూడు, పుదీనా మొత్తం ఖరాబ్. మార్కెట్ల కూరగాయలామె వాపస్ చేసింది. చిల్లులున్నది ఎవరు తీసుకుంటరు అన్నది."

చాటలో పుదీనా కట్టలు. ఆకులు జల్లెడలాగా ఉన్నాయి. కాడల మీద ఆ తడి చారలే.

"మా దిక్కు ఈసారి తక్కువనే ఉన్నయి" అంది అత్తమ్మ, ఏమీ తెలియక. "ఉప్పు తీస్కపోతవా?"

"ఉప్పేస్తే మట్టి చస్తది అమ్మా. మట్టి చస్తే పుదీనా ఎక్కడ పెట్టాలె?" అని ఆమె కొంచెం నవ్వి, చాట తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె పోయాక అత్తమ్మే చెప్పింది, ఖాలా అంటే పిన్ని అని, మా వెనక గోడ అవతల ఉండేది ఆమేనని. భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఆ పెరట్లో పుదీనా, కొత్తిమీర పెంచి మాదన్నపేట మార్కెట్టుకు ఇవ్వడమే ఆమె బతుకు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన కలుపుతున్న ముద్ద ఆపి నా వంక చూశాడు.

"ఆమెకు తెల్వది గద. ఇగ రేపటి సంది వెయ్యకు. ఊకో" అన్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే ఏరాను. డబ్బా సగం నిండింది. బకెట్టు దగ్గరికి వెళ్లి, ఎక్కలేక, ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని బండమీద కూచుండిపోయాను. అత్తమ్మ వచ్చి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"పోయి చెప్పిరా. మూల దాక పోయి ఎడమకు మలుగు. నీలం తలుపు" అంది.

ఆ పట్నంలో ఒంటరిగా గడప దాటడం నాకదే మొదటిసారి. డబ్బా కొంగు కింద దాచుకుని వెళ్లాను. నీలం తలుపు తెరిచే ఉంది. లోపల ఖాలా మడి పక్కన గొంతుక్కూచుని, తిన్న ఆకులు గిల్లి పారేస్తోంది. మడి మధ్యలో బోడి కాడలు. ఆ వెనకాలే మా గోడ. అటునుంచి దాన్ని చూడడం విచిత్రంగా ఉంది.

"ఖాలా, నేను గోడ పక్కింటి కోడల్ని. మా నత్తలన్ని నేనే మీ దిక్కు ఏసిన" అన్నాను. డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

ఆమె డబ్బాలోకి చూసింది. "ఒక్కసారి వేసినవా?"

"రోజు."

"ఎన్ని దినాల సంది?"

"నెల."

ఆమె చేతులకంటిన మట్టి దులుపుకుంది. "నా రోటీ అది, దుల్హన్" అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఏడుపొచ్చి తల వంచుకుని నిలబడ్డాను. ఆమె చూపు నా పొట్టమీద పడింది.

"ఎన్నో నెల?"

"నాలుగోది."

"పొద్దున ఏమన్న తిన్నవా?"

"లేదు."

ఆమె లోపలికి వెళ్లి చాయ, రెండు రస్కులు తెచ్చి నా ముందు పెట్టింది. "కూసో. తిను. తర్వాత కోపం చేస్త."

నేను తిన్నాను. ఆమె కోపం చేయలేదు. తర్వాత లేచి మూలనున్న పాత గోనెసంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. దాన్ని తడిపి సాయంత్రం మొక్కల పక్కన పరవాలి. కింద నాలుగు దోసకాయ తొక్కలు వెయ్యాలి. పొద్దున ఎండ పడకముందు లేపి చూస్తే పెరట్లో ఉన్న నత్తలన్నీ దానికిందే ఉంటాయి. నీళ్లు సాయంత్రం పోయొద్దు, పొద్దునే పొయ్యాలి. రాత్రికి మట్టి పొడిగా ఉంటే అవి పాకలేవు. గోడకు ఆనించి రాళ్లు, కుండపెంకులు పెట్టొద్దు. అన్నీ చేసి చూపించింది.

"పట్టినంక ఏం జెయ్యాలె? మా అత్తమ్మ సంపొద్దంటది" అన్నాను.

"నీ పని గాదు. నా పని గూడ గాదు. ఈ గల్లీ చివర పాలోళ్లకు బాతులున్నయి. వాటి పని."

ఇంటికొచ్చి అత్తమ్మకు చెబితే, "బాతు తింటే బాతు ఇష్టం. మనకేంది" అంది.

ఆ నెలలోనే ముసురు పట్టి వెనక గోడలోంచి రెండు రాళ్లు ఊడిపడ్డాయి. నా నడుం ఎత్తున ఒక కంత పడింది. మా ఆయన మట్టి పెట్టి మూస్తానంటే నేనే వద్దన్నాను. పొద్దున ఆ కంతలోంచి డబ్బా అటు ఇచ్చేదాన్ని. ఆమె రెండిళ్ల నత్తలూ కలిపి పాలవాళ్ల బాతులకు వేసి, ఖాళీ డబ్బా కడిగి ఇటు ఇచ్చేది. కొన్నిసార్లు అందులో గుప్పెడు కొత్తిమీర ఉండేది. ఆమె మడి మెల్లగా చిగురు వేసింది. మార్కెట్టు కూరగాయలామె పుదీనా మళ్లీ తీసుకుంటోందని తెలిసిన రోజు నాకు కడుపు నిండా అన్నం తిన్నట్టయింది.

మధ్యాహ్నాలు అత్తమ్మ నడుం వాల్చగానే నేను ఆ కంత దగ్గరికి పోయేదాన్ని. అటు ఆమె ఒక పీట వేసుకునేది. నాకు కనిపించేది ఆమె ముఖంలో సగం, ఒక చెయ్యి. మా ఊరి సంగతులన్నీ చెప్పించుకునేది. మా అమ్మ ఎలా ఉంటుంది, నాన్న ఏం తింటాడు, మా చెల్లెలు ఎందుకు చదువు మానేసింది. కాన్పంటే భయమేస్తోందని నేను మా ఆయనకు చెప్పలేదు, అత్తమ్మకు చెప్పలేదు, ఆమెకు చెప్పాను. ఆమెకు ఇద్దరు పుట్టి పోయారట. ఆ మాట చెప్పి, "నీకు గట్ల గాదు. ఫికర్ చెయ్యకు" అంది. ఒకరోజు బిడ్డ తన్నుతోందంటే కంతలోంచి చెయ్యి చాపి నా పొట్టమీద పెట్టింది. మట్టి వాసన, పుదీనా వాసన. అది మళ్లీ తన్నేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.

చిక్కుడు పాదు గోడెక్కి, అటువైపుకు కూడా వాలింది. మొదటి పూత కనిపించే వేళకు నాకు ఏడో నెల వచ్చింది. మా నాన్న పురిటికి తీసుకుపోవడానికి వచ్చాడు. పొద్దున బస్సు. ఖాలా కంత దగ్గరికి వచ్చి "కాయలు నేను చూస్త. పోయిరా దుల్హన్" అంది.

మూడు నెలల పిల్లను ఎత్తుకుని తిరిగొచ్చాను. సామాను దించకముందే పెరట్లోకి పోయాను. కంత లేదు. అటునుంచి సిమెంటు కొట్టి మూసేశారు.

"ఆమెది కిరాయిల్లు గద, ఇంటాయన అమ్మిండు" అంది అత్తమ్మ. "ఖాలా చెల్లె కొడుకొచ్చి ఆమెను బీదరుకు తోల్కపోయిండు. పోయే రోజు మనింటికొచ్చి నీ మంచం మీద కూసుంది శానసేపు."

అటుపక్క కొత్తవాళ్లు మడి తవ్వేసి బండలు పరిచారట. రేడియో పెద్దగా వినిపించేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక నా పేరులేని ఒక పోస్టుకార్డు వచ్చింది. అడ్రసు మా ఇంటిదే. రాత ఉర్దూ. పిల్లను చంకనేసుకుని మూలమీది టైలరు భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కత్తెర పక్కన పెట్టి, కార్డు దూరంగా పట్టుకుని చదివాడు. కొడుకా, బిడ్డా? మీ అత్తమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? ఇక్కడ మాది మేడమీది ఇల్లు, మట్టి లేదు. నత్తలు దిగినయా? అంతే, కింద బీదరు అడ్రసు.

జవాబు ఆయన చేతనే రాయించాను. "ఆడబిడ్డ పుట్టిందని రాయి భాయ్. అత్తమ్మ మంచిగున్నది. నత్తలు దిగినయి. రోజు ఏరుతున్న."

"ఇంకేమన్న రాయాల్నా అమ్మా?" అని అడిగాడు. కలం కార్డు మీద ఆనించి ఉంచాడు.

దుకాణంలో ఇంకో ఇద్దరు మగవాళ్లున్నారు. "అంతే" అన్నాను.

సగం కార్డు ఖాళీగా ఉండగానే పోస్టు డబ్బాలో వేశాను. ఆ వానాకాలమంతా పోస్టుమ్యాన్ సైకిలు గంట వినిపిస్తే చేతిలో పని వదిలి గుమ్మంలోకి వచ్చేదాన్ని. మళ్లీ కార్డు రాలేదు. మధ్యాహ్నాలు నాకు చాలా పొడుగ్గా ఉన్నాయని, పిల్లను ఒళ్లో వేసుకుని ఆ గోడ దగ్గరే కూచుంటున్నానని, ఒక్కసారి వచ్చి పొమ్మని రాయించి ఉండాల్సింది. చోటు ఉంది. టైలరు భాయ్ అడిగాడు కూడా.