నాకు ముప్పై ఆరో ఏట అరవై నిండిన వైనం

సముద్రం ఒడ్డున ఖరీదైన రిసార్టులో ఉండి వచ్చినవాళ్లు పదిమందికీ ఫొటోలు చూపిస్తారు. నేను చూపించను. మా ఫొటోల్లో సగానికి పైగా నా చేతిలో కత్తి ఉంటుంది, ముఖం మీద ఎన్నికల్లో గెలిచినవాడి నవ్వు ఉంటుంది. ఆ నవ్వు ఎంతసేపు నిలిచిందో, ఆ తర్వాత నా పరువు ఏ అలలో కొట్టుకుపోయిందో చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఎలాగూ రోజూ నవ్వుతూనే ఉంది.

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణంలో నేను సేల్స్‌మన్‌ని. మా యజమాని యాదగిరి సేఠ్. మిక్సీలు బాగా అమ్మినందుకు ఓ కంపెనీ ఆయనకు విశాఖపట్నం దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద రిసార్టులో రెండు రోజుల బస బహుమతిగా ఇచ్చింది. సేఠ్‌కి మోకాళ్ల నొప్పులు. కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నర్సింగ్, నువ్వు, నీ భార్య పోయి రాండ్రి. నేను వాళ్లతోని మాట్లాడిన తియ్."

పెళ్లయి ఆరేళ్లయినా మా సునీత సముద్రం చూడలేదు. ఎప్పుడడిగినా ట్యాంక్‌బండ్ మీద నిలబెట్టి, ఇప్పటికి దీంతో సర్దుకోమనేవాణ్ణి. అందుకే ఆ కవరు చూడగానే ఆమె అట్లపెనం పొయ్యి మీదే మరిచిపోయింది. సీతాఫల్‌మండిలో మా గల్లీ మొత్తానికి ఆ సాయంత్రమే వార్త తెలిసింది.

అంతా బాగానే ఉంది కానీ, కవరు లోపల చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. 'ఈ బహుమతి మరొకరికి బదిలీ చేయరాదు.' బుద్ధున్నవాడు సేఠ్‌కి ఫోన్ చేసి అడుగుతాడు. నేను రైల్లో రాత్రంతా ఆలోచించి, రిసార్టులో ఉన్నన్నాళ్లూ నేనే యాదగిరి సేఠ్‌గా చలామణి కావాలని తీర్మానించుకున్నాను. ఈ సంగతి సునీతకు కూడా చెప్పలేదు. ఆమె ముఖం మీద అబద్ధం నిలవదు, పెనం మీద నీళ్లలా ఎగిరిపోతుంది.

రిసార్టు చేరాక ఆమె చేతికి కవరిచ్చి కౌంటర్ దగ్గరికి పంపి, నేను వెళ్లి చేపల తొట్టి వెనక నిలబడ్డాను. ఆమె ఐదు నిమిషాల్లో తాళం తెచ్చింది.

"ఏమడిగిన్రు?" అన్నాను.

"ఏం అడగలే. నవ్వుకుంట ఇచ్చిన్రు."

ఇంకేం, సేఠ్ పేరు పనిచేసిందనుకున్నాను. అప్పటినుంచి నా నడకే మారిపోయింది. చేతులు వెనక్కి కట్టుకుని, సేఠ్ లాగే ప్రతి వస్తువునూ వేలితో కొట్టి చూడటం మొదలుపెట్టాను. సునీత మాత్రం ఇసుకలో చెప్పులు విడిచి, ప్రతి అలకూ వెనక్కి పరిగెత్తి, మళ్లీ ముందుకొచ్చి, చిన్నపిల్లలా ఆడుకుంది. ఆ ముఖం చూశాక, మమ్మల్ని బయటకు గెంటే పరిస్థితి ఎట్టి పరిస్థితుల్లోనూ రానివ్వకూడదని ఇంకా గట్టిగా అనుకున్నాను.

రెండోరోజు సాయంత్రం నాలుగింటికి పచ్చికలో టీ ఇస్తున్నారు. మా పక్క బల్ల దగ్గర తలంతా నెరిసిన ఓ పెద్దమనిషి ఒంటరిగా కూర్చుని సముద్రం వైపు చూస్తున్నాడు. ఇంతలో రిసార్టు అమ్మాయి ఒకామె, వెనక నలుగురు సిబ్బందితో, చక్రాల బల్ల మీద రెండంతస్తుల కేకు తోసుకుంటూ వచ్చింది. పైన 'అరవై' అంకె ఆకారంలో కొవ్వొత్తులు.

"సికింద్రాబాద్ నుంచి వచ్చిన సార్ ఎవరండీ?" అని అడిగింది.

మా సేఠ్‌కి ఆ నెలలోనే అరవై నిండుతాయి. కంపెనీవాళ్లు పంపించి ఉంటారు. ఇప్పుడు లేవకపోతే నేను సేఠ్‌ని కాదని తేలిపోతుంది. లేచి చెయ్యెత్తాను.

సునీత నా చొక్కా పట్టి లాగింది. "మీరెందుకు లేస్తున్రు?"

"ఊకో. గిది మన సేఠ్ కేక్. ఇక్కడ నేనే యాదగిరి సేఠ్."

"దాని మీద 'డాడీ' అని రాసుంది గదా."

"కంపెనీకి సేఠ్ తండ్రి లెక్క. ప్రేమతోని రాసిన్రు."

రిసార్టు అమ్మాయి నన్ను కిందికీ పైకీ చూసింది. "సార్, మీకు అరవై అంటే అస్సలు నమ్మలేకపోతున్నానండి."

"చాలామంది నమ్మరమ్మా," అన్నాను గంభీరంగా.

అంతటితో ఆగితే నేను నర్సింగ్‌ని ఎందుకవుతాను? కొవ్వొత్తులు ఆర్పాను. కేకు కోశాను. సిబ్బంది చప్పట్లు కొట్టారు, నా ఫోన్‌లో ఫొటోలు తీశారు. చుట్టుపక్కల బల్లలవాళ్లు చేరి, ఒక్క తెల్ల వెంట్రుక లేకుండా ఇట్లా ఎలా ఉన్నారని అడిగారు. "పొద్దున్నే మెంతుల నీళ్లు. రాత్రి ఒక్క జొన్నరొట్టె. మనసుల ఏం పెట్టుకోవద్దు," అని చెప్పాను. ఓ పెద్దావిడ కాగితం మీద రాసుకుంది. నెరిసిన తల పెద్దమనిషి కూడా ముక్క తీసుకుని, "మెంతులు నానబెట్టాలా, మరిగించాలా?" అని శ్రద్ధగా అడిగాడు. నానబెట్టమన్నాను. సునీత కుర్చీలో కిందికి జారిపోతూ, బల్లకు పైన కళ్లు మాత్రమే కనిపించేట్టు మిగిలింది.

పై అంతస్తు పూర్తయి, కింది అంతస్తులో సగం అయిపోయాక ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె చేతిలో పూలగుత్తి, రెండో ఆమె చేతిలో కెమెరా. పూలగుత్తి ఆమె కేకు వైపు చూసింది, తర్వాత నా చేతిలో కత్తి వైపు చూసింది.

"మా డాడీ కేక్ మీరెందుకు కోశారండీ?"

"మీ డాడీ ఎవరమ్మా?"

ఆమె పక్క బల్ల వైపు చూపించింది. నెరిసిన తల పెద్దమనిషి మూతికంటిన క్రీమ్ తుడుచుకుంటూ, నాకు చిన్నగా చెయ్యి ఊపాడు.

ఆయనదీ మా సికింద్రాబాదే, నేరేడ్‌మెట్‌లో లెక్కల మాస్టారు. పేరు డేవిడ్. ఆయనకు తెలియకుండా కూతురు గ్రేస్ ఏర్పాటు చేసిన వేడుక అది. తల్లీకూతుళ్లు పూలకోసం గదికి వెళ్లినప్పుడు, రిసార్టు అమ్మాయి కాస్త ముందే కేకు తెచ్చేసింది.

"నేను యాదగిరి సేఠ్‌ని, అందుకే..." అని గొణిగాను.

"కాదు కదండీ," అంది రిసార్టు అమ్మాయి. "మీరు నర్సింగరావు గారు. బుకింగ్ మీ పేరుకే మార్పించారు మీ సేఠ్ గారు. మేడమ్ మేం అడక్కుండానే ఇద్దరి ఆధార్ కార్డులూ ఇచ్చారు. అయినా అరవై అని మీరే అంటుంటే, గెస్టుతో వాదించకూడదని ఊరుకున్నానండి."

పాకం చల్లారినట్టు గడ్డకట్టిపోయాను. గ్రేస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నెల రోజుల నుంచి అనుకుంటున్నాను. డాడీ ఎప్పుడూ తన పుట్టినరోజు చేయనివ్వలేదు," అంది. అప్పటిదాకా నాకు భయం ఒక్కటే ఉండింది. ఆ మాటతో సిగ్గు మొదలైంది.

రిసార్టులో ఇంకో కేకు లేదు. ఊళ్లోకి వెళ్లి తేవాలంటే గంటన్నర. "బొంబాయి రవ్వ ఉందా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా వంటగదిలోకి పరిగెత్తాను. వంట నాకు రాదు, కానీ గిన్నెల సంగతి నన్నే అడగాలి. వంటవాళ్లు కేసరి చేస్తుంటే, అరలన్నీ వెతికి అంచు వెడల్పుగా, అడుగు సమంగా ఉన్న గిన్నె ఒకటి, దానికన్నా చిన్నది ఇంకొకటి తీశాను. నెయ్యి రాసి, నొక్కి నింపి, పళ్లెం మీద బోర్లించి, అడుగున రెండు దెబ్బలు కొట్టాను. రెండంతస్తుల కేసరి చెక్కు చెదరకుండా దిగింది. పదిహేనేళ్ల ఉద్యోగంలో నేను గర్వపడిన క్షణం అదొక్కటే.

మాస్టారి భార్య కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. మాస్టారు కోశారు. గ్రేస్ నవ్వింది. సునీత కూడా బల్ల కింద నుంచి పూర్తిగా పైకి వచ్చింది.

నేను చేతులు జోడించి మాస్టారి దగ్గరికి వెళ్లాను. "సార్, తప్పయింది. మరి అప్పుడే గిది నా కేక్ అని మీరెందుకు చెప్పలేదు?"

ఆయన కేసరి చెంచా పక్కన పెట్టి, చుట్టూ చూసి గొంతు తగ్గించారు.

"యాదగిరి గారు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు బాబూ. మా ఇంట్లో గిన్నెలన్నీ మా పెళ్లప్పుడు ఆయన దగ్గర కొన్నవే. పక్క బల్ల దగ్గర నీ మాట వినపడినప్పుడే నువ్వు ఆయన కాదని తెలుసు. కానీ నాకేమో ఈ అరవై అస్సలు ఇష్టం లేదు. ఎవరో కుర్రాడు తనంతట తానే లేచి, నాకొద్దు అన్న వయసుని తీసుకెళ్తుంటే, వద్దని ఎందుకంటాను?"

అందుకని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఎదుటికి ఏ కేకు వచ్చినా, నూరు గజాల దూరంలో ఉన్న ప్రతి మనిషినీ పుట్టిన తేదీ అడిగి, జవాబుల మీద సునీత చేత సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే కత్తి ముట్టుకుంటాను. నా నిజమైన అరవయ్యో పుట్టినరోజు మాత్రం చేసుకోను. ఒకసారి అయిపోయింది కదా.