మాత్రలా, ఆస్పత్రా

అరవై తొమ్మిదిలో మేము చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనకవాటాలో అద్దెకుండేవాళ్ళం. పెళ్ళయిన చాన్నాళ్ళకు నాకు నెల తప్పింది. మూడో నెలలో ఎర్రగా కనబడేసరికి నారాయణగూడ లేడీ డాక్టరు గర్భం నిలవడానికి ఇంజెక్షన్లు రాసి, మంచం దిగొద్దంది. మా అత్తగారు మంచానికి కాళ్ళవైపు ఇటుకలు పెట్టించారు. తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టుకుని, తాగిన మజ్జిగ గొంతులోకి తన్నుకొస్తుంటే, గోడమీద బల్లిని చూస్తూ పడుకున్నాను. అయినా ఒక మధ్యాహ్నం అంతా పోయింది.

పోయాక అసలు విసుగు మొదలైంది. రక్తం ఆగలేదు. అత్తగారు శొంఠి కషాయం కాచారు. ఇంటావిడ నువ్వులూ బెల్లం దంచి తెచ్చి, “జర తిను బిడ్డా, లోపలున్నదంత సాఫైతది” అంది. అశోక్‌నగర్ నుంచి వచ్చిన మా ఆడపడుచు “నువ్వులు వేడి వదినా, ముట్టుకోకు” అంది. ఏది నోట్లో పెట్టినా ఇద్దరికి కోపం.

చివరికి మళ్ళీ డాక్టరు దగ్గరికే వెళ్ళాం. ఆవిడ నన్ను పరీక్ష చేసి, మావారితో మాట్లాడింది.

“లోపల కొంచెం మిగిలింది. మాత్రలిస్త, గర్భసంచి ముడుచుకుని బయటికి తోస్తది. లేకపోతే ఆస్పత్రిల మత్తిచ్చి క్లీన్ చేస్త. ఏమంటరు?”

“అమ్మనడిగి చెబుతానండీ” అని మావారు లేచి, బయట బెంచీమీదున్న తల్లి దగ్గరికి వెళ్ళారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “డాక్టరుగారూ, కడుపు నాదండీ. నన్నడగండి.”

ఆవిడ కళ్ళద్దాలు తీసి నావంక చూసింది. “సరేనమ్మా, అడుగు.”

“మాత్రలేసుకుంటే ఏమవుతుంది?”

“నొప్పి బాగనే వస్తది. రక్తం ముందు ఎక్కువైతది, తర్వాత తగ్గాలె. తగ్గకపోయినా, జ్వరమొచ్చినా ఆగొద్దు, వచ్చెయ్యాలె. అందరికీ పూర్తిగ పనిచెయ్యవు. అప్పుడు క్లీన్ చేసుడు తప్పది.”

“నేనేం చేశానని పోయిందండీ?”

“నువ్వేం చేసినా పోయేదేనమ్మా. నీ తప్పేం లేదు.”

ఆ మాట వినడానికి ఎన్ని కషాయాలు తాగాల్సి వచ్చిందో! మత్తంటే భయం, అందుకే మాత్రలన్నాను. ఆ రోజు బందు. చిక్కడపల్లిలో ఒక్క మందుల షాపూ తెరవలేదు. మావారు దోమలగూడదాకా నడిచి, చెమటలు కక్కుతూ తెచ్చారు. మింగిన కాసేపటికి నడుము విరుగుతున్నట్టు నొప్పి. పక్కన అత్తగారు గ్లాసు పట్టుకుని, “ఇంగ్లీషు మందు మీద ఒక్క గుక్క కషాయం తాగమ్మాయ్” అంటున్నారు.

మర్నాడు రక్తం తగ్గలేదు సరికదా, ఒళ్ళు కాలిపోయింది. ఆస్పత్రికి వెళ్ళక తప్పలేదు. క్లీన్ చేశారు, జ్వరం దిగింది, మర్నాటికి ఇంటికొచ్చాను.

“నేను ముందే చెప్పాగా” అన్నారు అత్తగారు. ఇంటావిడా అదే అంది. ఆడపడుచూ అదే అంది. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు మరి, ముందే చెప్పింది ఎవరు?

“ఈసారి నాలుగో నెలదాకా ఎవరికీ చెప్పకు వదినా” అని ఆడపడుచు మొదలెట్టింది.

“అందరూ బయటికి నడవండి” అన్నాను. పెళ్ళయ్యాక అత్తగారితో అలా మాట్లాడింది అదే మొదటిసారి. గడియ వేసుకుని, అన్నాళ్ళూ రాని ఏడుపంతా ఏడ్చాను. తలుపవతల వాళ్ళు ముగ్గురూ, నాకు పథ్యం ఏం పెట్టాలా అని వాదించుకుంటూనే ఉన్నారు.