పచ్చరంగు పైపు

కిట్వేలో మా ముకుబా వీధి నీళ్ల పైపు వయసు డెబ్బై ఏళ్లు. అది ఎక్కడ చిల్లుపడినా నీళ్ల కంపెనీ ఫిట్టర్ కపెంబ్వా తాత వెళ్లి, సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి, మట్టి కప్పి, ఇంటికెళ్లి మొక్కజొన్నపిండి న్షిమా ముద్ద తినేవాడు. ఫారం నింపడమంటే ఆయనకు చిరాకు. ముప్పై ఏళ్లలో ఒక్కటీ నింపలేదు.

ఏ వీధుల్లో పైపులు మార్చాలో తేల్చడానికి రాజధాని లుసాకా నుంచి ఇంజనీరమ్మ ములెంగా వచ్చింది. గోడకు ఊరి పటం తగిలించి అందరినీ పిలిచింది. పైపు పగిలినట్టు ఫారాలున్న వీధులన్నీ ఎర్రగా ఉన్నాయి. మాది మాత్రం పచ్చగా మెరిసిపోతోంది.

"మీ పైపు బంగారం, తాతా. ఒక్కసారీ పగల్లేదు. ఇంకో ఇరవై ఏళ్లు దీనికి ఢోకా లేదు."

"అందులో ఇనుము కన్నా నా ట్యూబులే ఎక్కువమ్మా."

"మరి ఫారాలేవి?"



"రాసి చావమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను గదయ్యా" అంది పక్కింటి చిలేషే అత్త. "ఊరందరికీ కొత్త పైపులు, మనకు నీ పనితనం."

మర్నాడు పొద్దున్నే మా పైపు మళ్లీ పగిలింది. తాత ట్యూబుల సంచి ఇంట్లో వదిలేసి, ఫారాల కట్ట చంకన పెట్టుకొచ్చాడు. చీలమండల దాకా నీళ్లలో నిలబడి, మొదటి గడి దగ్గరే ఆగిపోయాడు.

"చిలేషే, ఇవాళ తేదీ ఎంతే?"