ఊఁ కొట్టిన గొట్టం

దయ్యాలు లేవని నేనిప్పటికీ వాదిస్తాను. వాదనకు దిగితే నాకెదురు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ ఇంజను షెడ్డు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కొడవలూరు దాటి తూర్పుకు పోతే, సముద్రపు గాలి తగిలే చోట మా పొలం. అరవైల మొదట్లో ఆయిల్ ఇంజన్లు అక్కడ కొత్త. మా మామ ఒకటి పెట్టించి, ఏడాది తిరక్కుండానే పోయాడు. మాట తక్కువ మనిషి. అత్త ఏం చెప్పినా ‘ఊఁ’ అనడమే ఆయన సంసారం. ఆయన పోయాక అత్త కంచం ముందు కూర్చోవడం, ముట్టకుండా లేచిపోవడం. ఈమె కూడా మాకు దక్కదేమోనని నా భయం.

ఆ ఏడు నాట్లప్పుడు, మిట్టమధ్యాహ్నం ఇంజను ఆపాక షెడ్డు వెనకనుంచి ‘ఊఁ...’ అని వినబడింది. అచ్చం మనిషి గొంతే. నాటే ఆడవాళ్లు కెవ్వుమని గట్టెక్కేశారు.

మా ఆయన వెనక్కి పోయి చూసొచ్చాడు. “సైలెన్సర్లో బెజ్జాల గొట్టం ఉంటాది, చప్పుడు తగ్గించేదానికి. ఉప్పుగాలికి పైరేకు తుప్పుపట్టి ఊడింది. గాలి ఆ బెజ్జాల్లో దూరతా ఉండాది, అంతే!”

“నీకేం నాయనా, ఎన్నైనా చెప్తావు. మేం పిల్లలు గలోళ్లం,” అంది ఒకామె. ఎవరూ దిగలేదు. నారేమో ముదిరిపోతోంది.

అప్పుడు అత్త వచ్చింది. గొట్టం ముందు నిలబడి, “ఏమయ్యా, వీళ్లు దిగి నాటేదా?” అనడిగింది. గాలి లేచింది. ‘ఊఁ.’

“ఇనబడిందా? మీ అయ్యే! దిగండి.”

చోద్యం కాకపోతే, గాలంటే నమ్మనివాళ్లు అయ్యంటే నమ్మారు! చీరలు ఎగదోపి మళ్లో దిగారు. అత్త ఆ పూట కడుపునిండా తింది. నేను సైలెన్సర్‌కు దణ్ణం పెట్టుకున్నాను. నవ్వితే నవ్వండి. రేకు మాత్రం మా ఆయన్ని వేయించనివ్వలేదు.

రోజూ మధ్యాహ్నం అత్త అక్కడే చేరేది. ఎవరి బర్రె ఈనింది, ఎవరింట్లో ఎవరలిగారు, అన్నీ చెప్పేది. గొట్టం ఊఁ కొట్టేది. వింటుంటే ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. ఛీ, నీ మొహం, గాలే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

నాట్లయిపోయిన రోజు అన్నం గంప నెత్తిన పెట్టుకుని వెళ్లాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని, మెల్లగా అంటోంది:

“మళ్లన్నీ నిండినాయయ్యా. పొలం పిల్లోడికి అప్పజెప్పినా. ఇంక నేనూ వచ్చేదా?”

అవతలి గట్టున గడ్డి వంగుతూ ఇటే వస్తోంది. గాలే, బెజ్జాలే. తెలుసు నాకు. అయినా ‘ఊఁ’ అంటే? గంప పడేసి పరిగెత్తి, నెత్తిన చుట్టకుదురుగా పెట్టుకున్న గుడ్డను ఆ రేకు ఊడిన సందులో కుక్కేశాను. గొట్టం నా అరచేతుల కింద వణికింది. చప్పుడు రాలేదు.

“ఏందమ్మే ఇది! ఆయన నోరు మూసినావే!” అని అత్త అరిచింది.

“మూసినా!” ఏడుస్తూనే నేనూ అరిచాను. “పొయ్యే మాటైతే నన్నడుగత్తా. నేను పోనీను.”